చుట్టల డబ్బాలో మొహం

అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నావే, ఆ వస్తువు నీది కాదని నీకు తెలుసు. చూసుకుని మురిసిపోవడానికి సిగ్గు లేదా? చచ్చినవాడు వచ్చి అడగడనేగా నీ ధైర్యం. వెండెల్ క్రౌజ్‌దీ అదే ధైర్యం. విను.

హ్యూస్టన్‌లో వ్యోమగాములు తెచ్చిన ఫిల్ము కడిగే చీకటిగదిలో వెండెల్ పన్నెండేళ్ళు పనిచేశాడు. పనితనం గొప్పదే, బుద్ధే కురచ. అక్కడ రెండు కట్టుబాట్లు ఉండేవి. అంతరిక్షం నుంచి వచ్చిన ఫిల్ములో ఖాళీ ముక్కయినా కత్తిరించకూడదు. చీకట్లో కదిలేవాడు తను ఎటువైపు ఉన్నాడో పైకి చెప్పాలి, విన్నవాడు "రా" అని దారివ్వాలి. లేకపోతే ఒకరినొకరు గుద్దుకుని చేతిలో ఫిల్ము పాడవుతుంది.

మెర్ల్ హాస్కెట్ అనే వ్యోమగామి ఒంటరిగా పైకి వెళ్ళి, రెండు రోజులు భూమి చుట్టూ తిరిగి, క్షేమంగా దిగాడు. నెల తిరక్కుండా మామూలు విమానం కూలి చచ్చిపోయాడు. అతని ఫిల్ము కడిగింది వెండెల్. ఆఖరి ఫ్రేములో మెర్ల్ తన మొహం తనే తీసుకున్నాడు, హెల్మెట్ అద్దం ఎత్తి, నవ్వుతూ. వెండెల్ ఆ ముక్క కత్తిరించి చుట్టల డబ్బాలో దాచుకుని, పుస్తకంలో 'చివర ఖాళీ' అని రాశాడు. శనివారాలు బీరు తాగుతూ దాన్ని దీపానికి ఎదురుగా పట్టి, ఆకాశంలో నవ్విన మొహం నా జేబులో ఉందని కోతలు కోసేవాడు. పొరుగువాడి పెళ్ళాం కన్నీళ్ళతో తన గొప్ప కొలుచుకునే రకం.

మెర్ల్ భార్య ఎడలీన్ మూడుసార్లు వచ్చింది. ఆఖరి బొమ్మ నీకోసమే తీశానని భర్త చెప్పాడట. అదొక్కటి చూస్తే చాలు, ఇంకేమీ అడగనంది. మూడోసారి వెండెల్ కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"ఖాళీ అమ్మా. పాపం, మీట నొక్కడం మరిచిపోయుంటాడు."

ఆమె వెళ్ళాక తోటి పనివాడు లోనీ మెల్లిగా అడిగాడు. "నిజంగా ఖాళీయేనా పెద్దాయనా?"

"నీ పని నువ్వు చూసుకో."

ఆ తర్వాతి యాత్ర ఫిల్ము ఆగస్టులో వచ్చింది. మిట్టమధ్యాహ్నం. బయట తారు కరుగుతోంది. చీకటిగదిలో వెండెల్ ఒక్కడే, కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు. పులిసినట్టుండే మందునీళ్ళ వాసన. ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు. ఫిల్ము చుట్ట విప్పుతూ, అలవాటుగా, "వెండెల్‌ని, ఎడమవైపు" అన్నాడు.

"కుడివైపు..."

గుసగుసగా వినిపించింది.

"రా" అన్నాడు వెండెల్. పన్నెండేళ్ళ అలవాటు. మాట నోరు దాటాక గుర్తొచ్చింది, లోనీ తలుపు అవతల ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఇప్పటికీ వినిపిస్తోంది...

మందునీళ్ళ వాసన పోయింది. కాలిన ఇనుము వాసన. చలి. ఎవరో దగ్గరికి వస్తున్నారు. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం ఉంది, గొట్టంలోంచి పీల్చినట్టు...

మణికట్టు మీద మందపాటి తొడుగు వేసిన చెయ్యి పడింది.

"చివర... ఖాళీయా?"

ఫిల్ము జారిపోయింది. వెండెల్ గోడ తడుముకుంటూ వెళ్ళి లైటు మీట వేశాడు. చీకటి. తీసి మళ్ళీ వేశాడు. చీకటే. టక్, టక్, టక్...

ఆ చప్పుడుకి లోనీ తలుపు తోసుకుని వచ్చాడు. గదినిండా తెల్లటి వెలుతురు. కిందపడ్డ ఫిల్ము వెలుతురు తగిలి మొత్తం పాడైపోయింది. తెల్లకోటులో ఉన్న వెండెల్ కళ్ళు పెద్దవి చేసుకుని దీపానికేసే చూస్తున్నాడు.

"లోనీ, లైటు వెలగడం లేదురా" అన్నాడు.

వైద్యులు కళ్ళలో లోపమేమీ లేదన్నారు. ఉద్యోగం పోయింది. డబ్బా ఎక్కడుందో చెప్పి, ఆమెకిచ్చెయ్యమని లోనీని బతిమాలాడు.

ఎడలీన్ ఆ ముక్కని కిటికీకెదురుగా పట్టి చాలాసేపు చూసింది.

"ఈయన వెనకాల ఎవరు బాబూ? ఒక్కడే కదా వెళ్ళింది?"

లోనీ చూశాడు. తెల్లకోటు, పెద్దవి చేసుకున్న కళ్ళు. పోల్చుకున్నాడు కానీ పేరు చెప్పలేదు.

వెండెల్ మరో పదకొండేళ్ళు బతికాడు. వెలుతురు మళ్ళీ చూడలేదు. తన వసారాలో ఒక్కడే నడుస్తున్నా, "వెండెల్‌ని, ఎడమవైపు" అంటూ నడిచేవాడు. మధ్యలో ఆగి, ఏదో విన్నట్టు, "రా" అని గోడకి ఒదిగి దారి ఇచ్చేవాడు.