శనివారం బస్సు

పొద్దున్నే, ఇనుము చెక్కే లేతు మిషను మేస్త్రి కాఫీ కలిపాడు. ఎప్పటిలాగే పంచదార ఎక్కువైంది. ఆ కాఫీకి కూతురు వంకలు పెట్టడం మానేసి రెండేళ్లయింది. ఆయన భార్య పోయీ అంతే అయింది.

బల్ల మీద కూతురి కాగితం ఉంది. పిల్లకి యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. అందులో ఉన్న పదకొండు కాలేజీల్లో ఏది కావాలో సాయంత్రంలోగా చెప్పాలి. మేస్త్రి మనసులో ఉన్నది ఒక్కటే, ఏనుగు పట్టేంత గేటున్న పాత కాలేజీ. కాగితంలో దాన్ని అడ్డంగా కొట్టేసి ఉంది. అన్నిట్లోకీ చిన్నదాని చుట్టూ సున్నా. పక్కన "ఇంటికి బస్సు, నలభై నిమిషాలు."

ఆయనకి ఒళ్లు మండింది. కాఫీకి వచ్చిన కూతుర్ని నిలదీశాడు.

"ఇదేంటే? నన్ను కనిపెట్టుకుని ఉండటానికా ఇది? నేనేమన్నా మంచాన పడ్డానా?"

"పాఠాలు అందరికీ ఒకచోటే నాన్నా. అక్కడ కాలేజీ అంటే ఉండేది, తినేది, మాస్టారు దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించేది. అంతే."

"మరి ఆ పెద్ద గేటు దేనికి?"

"ఫొటోలకి."

ఆయన నవ్వలేదు. "జాలిపడి చదువుకునేవాళ్లు నా ఇంట్లో వద్దు. మీ అమ్మే ఉంటే..."

"అమ్మే ఉంటే నన్ను షెడ్డులోకి రానిచ్చేది!" కూతురు గొంతు పెంచింది. "మొదటి ఏడాదంతా కాగితం మీద గీయడమేనట, మిషను ముట్టుకోనివ్వరట. గీసింది శనివారం తెచ్చి మన లేతు మీద చేసుకుందామని బస్సు టైము రాసుకున్నా. నీకు సేవలు చెయ్యడానికి కాదు!"

ఇంటి వెనక షెడ్డులో మేస్త్రి లేతు మీద చెక్కిన ప్రతి ఇనుప కడ్డీనీ స్టూలు మీద కూర్చుని కొలిచింది భార్యే. ఆమె పోయాక ఆ స్టూలు మీద నూనె డబ్బాలు పెట్టేశాడు. కూతురు గుమ్మం దాకా వస్తే చాలు, కసిరేవాడు. కొన్నాళ్లకి పిల్ల రావడం మానేసింది. బుద్ధొచ్చిందనుకున్నాడు ఈ తెలివిగల తండ్రి.

లేచి షెడ్డులోకి వెళ్లాడు. డబ్బాలు నేలమీద పెట్టిన చప్పుడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"శనివారం నువ్వు వంటింట్లో కనిపించావో, అదే బస్సెక్కించి పంపేస్తా."

"అలాగే."

"ఆ చిన్నదే రాసెయ్. రాసి, జడ ముడేసుకుని రా. తిరిగే లేతు ముందు జుట్టు వదలకూడదు. ఇది మొదటి పాఠం."

కూతురు కళ్లు తుడుచుకుని కాఫీ ఒక గుక్క తాగింది. రెండేళ్ల తర్వాత మళ్లీ మొహం చిట్లించింది.

"ఇది కాఫీయా నాన్నా, పాకమా?"

మేస్త్రి చెవులకి ఎంత హాయిగా ఉందో.