దేవర పలక వెనక

"దొరికింది! శంఖనిధి, పద్మనిధి! ఇద్దరూ ఉన్నారు!"

పరాంకుశం కేక గుహంతా మారుమోగింది. గబ్బిలాలు రివ్వున లేచి, వెనకే పాకుతూ వస్తున్న వకుళమ్మ తల మీదుగా దూసుకుపోయాయి. "గోవిందా!" అంటూ ఆమె నేలకు కరుచుకుపోయింది.

నల్లమల కొండల్లోకి జనాన్ని నడిపించుకొచ్చి చరిత్ర చెప్పడం పరాంకుశం పని. చెట్టునూ పిట్టనూ పరిచయం చేయడం జులేఖ పని. ఈసారి వచ్చినవాళ్లంతా ఎండకు సొమ్మసిల్లి గుహ బయట మద్దిచెట్టు కింద కూలబడ్డారు. లోపలికి వచ్చింది ఈ ముగ్గురే.

వకుళమ్మకు రాక తప్పదు. కొండ కింది ఊటపల్లె ఆమె ఊరు. ఏటా వేసవిలో ఆ ఊరి ఇల్లాలు ఒకరు మట్టిముద్ద తెచ్చి, గుహలోని దేవర పలక అంచున మెత్తి దండం పెట్టుకుని పోవాలి. ఎందుకని అడిగితే, "మా అత్త మెత్తింది, నేను మెత్తాను, నువ్వూ మెత్తు" అన్నది అత్తగారు. మెత్తడానికి వకుళమ్మకు అభ్యంతరం లేదు. కానీ దేవుడికి పువ్వు కాక మట్టెందుకు? ఆ ప్రశ్న ఆమెను ఏళ్లుగా వదల్లేదు.

నిలువెత్తు పలకకు అటూ ఇటూ బానపొట్టల బొమ్మలు, కుబేరుడి నిధుల కాపలాదార్లు. ఒకరి చేతిలో శంఖం, ఒకరి చేతిలో పద్మం. పలక చుట్టూ జానెడు మందాన మట్టి.

"తరతరాలుగా మూసిపెట్టారు! ఎందుకు? లోపల నిధి ఉంది గనుక!" పరాంకుశం వెంట తెచ్చిన గడ్డపార అందుకున్నాడు. "పగటికలల పరాంకుశం అన్నారు నన్ను. ఇవాళ వచ్చి చూడమనండి!"

"సారూ, దేవర పలకకు గడ్డపారా?"

"మళ్లీ నిలబెడతాంలేమ్మా!"

మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడింది. పలక బెత్తెడు వాలింది. ముగ్గురూ పై సందులోంచి టార్చి వేసి చూశారు. లోపలి అరుగు మీద రాగి కాగు. కాగు నిండా బంగారు కాసులు! పటంలో లక్ష్మీదేవి చేతి కాసుల్లా వకుళమ్మ మనసు కూడా ఒక్క క్షణం జలజలమంది.

"ఆపండి సార్!" జులేఖ అరిచింది. "పలక మొదట్లో నాచు చూడండి. దీని వెనక నీళ్లున్నాయి!"

ఆ మాట పూర్తికాకముందే కింది సందులోంచి నీరు చిమ్మింది.

"ఇది కట్ట! కొండ ఊట ఇక్కడ నిండితేనే కింద ఊరికి దిగుతుంది. పలక పడిందా, ఊరికి చుక్క ఉండదు. మన దారీ మునుగుతుంది!"

వకుళమ్మ ఎగిరి దూకి పలకకు వీపు ఆనించింది.

"తప్పుకో అమ్మా! ఇంకొక్క పోటు, కాగు చేతికందుతుంది!"

"నన్ను కూడా పెకిలించి అందుకోండి!"

"పిచ్చిదానా, ఆ బంగారంతో ఊరంతా బోర్లు వేయించుకోవచ్చు!"

"వేయించాం సారూ! దుమ్ము లేచింది. మా పిల్లలు తాగేది ఈ నీళ్లే. నేను కదలను!"

నీరు మోకాళ్లకొచ్చింది. పాకి వచ్చిన సొరంగం నోరు సగం మునిగింది. పరాంకుశం కాగు వైపు చూశాడు. కాళ్లు జారుతున్నా గుడ్లురిమి నిలబడ్డ ఆ మనిషి వైపు చూశాడు. పళ్లు కొరుకుతూ గడ్డపార విసిరేసి పలకకు భుజం ఆనించాడు.

"తొయ్యండి!"

పలక గుర్రుమంటూ నిలబడింది. వకుళమ్మ తెచ్చిన ముద్ద ఏ మూలకూ చాలలేదు. ఊడిపడ్డ పాత పెళ్లల్నే నీళ్లలోంచి ఎత్తి సందుల్లో కుక్కారు. ఒక పెళ్ల మీద ఎవరివో అయిదు వేళ్ల గుంటలు. అత్తగారివో, ఆమె అత్తగారివో. వకుళమ్మ తన వేళ్లు వాటిలోనే పెట్టి నొక్కింది. నీరు ఆగింది.

ముక్కులు మాత్రం పైకెత్తి, సొరంగపు కప్పును రాసుకుంటూ ముగ్గురూ బయటపడ్డారు.

"ఏం దొరికింది సార్?" చెట్టుకింది జనం చుట్టుముట్టారు.

పరాంకుశం వకుళమ్మను పక్కకు పిలిచి, "నీళ్లు పోకుండా తీసే ఉపాయం ఉంటుంది. ఇంజనీర్లతో మళ్లీ వస్తాను" అన్నాడు.

వకుళమ్మ తడి కొంగు పిండి నడుముకు బిగించింది.

"రండి సారూ. మేమూ వస్తాం. ఊరంతా వస్తాం, తలా ఒక ముద్ద పట్టుకుని!"