జాహిదా పంపిన క్యాసెట్

పొద్దున్నే మొగుడికి చాయ్ పోసిచ్చి, సుగ్రా బేగం మస్కట్ హమ్రియాలోని తమ ఒంటి గదినంతా తిరగేసింది. కడప నుంచి చెల్లెలు జాహిదా పంపిన క్యాసెట్ కనిపించలేదు. ఆ రోజుల్లో మస్కట్‌లో ఉన్నవాళ్లకి ఉత్తరాలకన్నా క్యాసెట్లే ముద్దు. మనిషి పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉండేది.

"ఏం జీ, చెల్లెలి క్యాసెట్ యాడన్నా చూసినారా?"

ఖమరుద్దీన్ సాసర్లో చాయ్ ఊదుకుంటూ తల ఎత్తలేదు. అతను లోగన్ సాబ్ దగ్గర డ్రైవరు. సాబ్ అంటే అల్లాటప్పా మనిషి కాదు. అమెరికాలో కథలు రాశాడు, పత్రికకి ఎడిటర్‌గా చేశాడు, ఇప్పుడు సినిమాలు తీస్తున్నాడు. గల్ఫ్ పనివాళ్ల మీద సినిమా అంటూ మస్కట్ రేవు మత్రాలో దిగాడు. "ఇంటినుంచి వచ్చిన గొంతు ఒకటి కావాలి ఖమర్" అని ఆయన అడిగేసరికి, అంతమందిలో తననే అడిగాడని మనవాడు ఉబ్బిపోయాడు.

"సాబ్‌కి ఇచ్చినా" అన్నాడు నసుగుతూ. "సినిమాలో పెడతాడంట."

సుగ్రా వెతకడం ఆపి అతని ముందుకొచ్చింది.

"పిల్లల్లేరని మొగుడు ఇంకో నిఖా చేసుకుంటాడేమోనని, అమ్మీకి కూడా చెప్పకుండా నా ఒక్కదానికే చెప్పుకునింది జీ! దాని మరిది షరీఫ్ ఈ మత్రాలోనే ఉండాడు. వాడి చెవిన పడి కడపకి చేరితే దాని బతుకేం కావాల?"

ఆ సంగతే ఖమరుద్దీన్‌కి తట్టలేదు. చాయ్ అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

అంతా విని లోగన్ సాబ్ లేచాడు. తీసుకున్న కాపీని అతని ముందే చెరిపి, క్యాసెట్ చేతిలో పెట్టాడు.

"నా మొదటి కథ మా అక్క కష్టమే. అది అచ్చయ్యాక తను నాతో మాట్లాడలేదు, ఇరవై ఏళ్లయింది. తరవాత ఎన్ని పనులు మారినా నేను అమ్ముకున్నది ఎవరో ఒకరి ఏడుపే ఖమర్."

దారి పొడుగునా ఖమరుద్దీన్ సిగ్గుతో చితికిపోయాడు. సాబ్ అడగడమైనా అడిగాడు. తను ఎవర్నీ అడక్కుండానే ఇచ్చేశాడు. జాహిదా తనని అక్క మొగుడని నోరారా "దూలేభాయ్" అని పిలిచే పిల్ల.

క్యాసెట్ అందించి ఏదో చెప్పబోయాడు. సుగ్రా విన్లేదు. రికార్డర్లో కొత్త క్యాసెట్ వేసి అతని ముందుకు తోసింది.

"నాకొద్దు. దానికే చెప్పండి."

ఎర్ర మీట నొక్కాడు. టేపు తిరగసాగింది.

"జాహిదా... నేనమ్మా, దూలేభాయ్‌ని. నువ్వు మీ అక్కకు చెప్పుకున్నది పరాయి మనిషికి వినిపించినా. గొప్పకి పోయినా, అంతే. ఇప్పుడు తెచ్చేసినాలే. మాఫ్ చెయ్యి తల్లీ."

చివరి మాట ఏడుపులో కలిసిపోయింది. సుగ్రా కొంగుతో కళ్లు తుడుచుకుని, రికార్డర్ని అతని దగ్గరికి జరిపింది.

"ఆ మాట మళ్లీ చెప్పండి జీ. దానికి సరిగ్గా వినపడాల."