భీమవరం కంప్యూటర్‌లో ఏదీ నిలవదు

ఏజెంట్ బుల్లియ్యను కొవ్వూరు రేవులో పట్టపగలు కాల్చి చంపారు. సైలెన్సర్ ఉన్న పిస్టల్. పక్కనే స్నానం చేస్తున్నవాళ్ళకు కూడా చప్పుడు వినపడలేదు. చనిపోయే ముందు అతను డిపార్ట్‌మెంటుకు పంపిన ఆఖరి మెసేజ్ ఒక్క వాక్యం: "భీమవరం కంప్యూటర్‌లో ఏదీ నిలవదు."

"అర్థమయిందా?" అన్నాడు చీఫ్ ఆదినారాయణరాజు, రాజమండ్రి లాడ్జి గదిలో తలుపు గడియ వేస్తూ.

"లేదండి," అన్నాడు ఏజెంట్ పెద్దిరాజు.

"నాకూ కాలేదు. అందుకే మిమ్మల్ని పిలిచాను."

అది పొగడ్తో ఎత్తిపొడుపో పెద్దిరాజుకు తేలలేదు. ఈ మధ్య అతను చెయ్యి పెట్టిన మిషన్ ఒక్కటీ గట్టెక్కలేదు. ఇదీ ఆ తానులో ముక్కేనని మనసు అప్పుడే చెప్పేసింది.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "భీమవరం శివార్లలో రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంటు. అందులో ఫారిన్ కన్సల్టెంట్ క్రోల్. అసలు వృత్తి గూఢచర్యం. రేపు సాయంత్రం అయిదింటికి వాళ్ళ దేశానికి ఒక ఫైలు పంపుతున్నాడు. అక్కడ మారువేషంలో ఉన్న మన ఏజెంట్ గణేష్‌బాబు వివరాలు. అది చేరిందా, గణేష్‌బాబు మర్నాటి పొద్దు చూడడు."

"ఇంకెవరున్నారండి?"

"సెక్రటరీ నాగశ్రీ. మహా అందగత్తె. డబుల్ ఏజెంటునని, మనవైపేనని బుల్లియ్యతో చెప్పుకునేది. అతను నమ్మాడు, పోయాడు. ఆవిడ గారిని కూడా అరెస్టు చేస్తామండి."

గోదావరి జిల్లాల్లో బేడీలు వేసినా మర్యాద తప్పరు.

ఆ ఆఫీసులో వర్డ్ ప్రాసెసర్ సెట్టింగ్స్ సేవ్ కావడం లేదని టైపిస్టు ఊళ్ళో ఒక కంప్యూటర్ షాపుకు ఫోన్ చేసింది. ఆ షాపు మెకానిక్‌గా పెద్దిరాజు వెళ్ళాలి. చీఫ్ అతని మెడలో ఒక తాయెత్తు కట్టాడు. ఒకసారి నొక్కితే ఫోటో. రెండుసార్లు నొక్కితే బయట కాచుకున్న టీముకు సిగ్నల్.

మర్నాడు ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్ ట్రే ముందుకు తోశాడు. "ఫోన్లు, ఉంగరాలు, తాళ్ళు, తాయెత్తులు అన్నీ ఇందులో పెట్టెయ్యండి. రొయ్యల్లో పడ్డాయంటే కంటైనర్ మొత్తం వెనక్కొచ్చేస్తాదండి."

"నేను ఆఫీసులోకే కదండీ!"

"ఎవరికైనా అంతేనండి."

"మొలతాడో?"

"అది కనపడదు కదండి, ఉంచుకోండి."

తాయెత్తు ట్రేలో పడింది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు రొయ్యలు తిని ఉంటారు గాని, రొయ్యల ప్లాంటు చూసి ఉండరు. పెద్దిరాజు క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి, తలకు తెల్లటోపీ పెట్టుకుని, ఉత్త చేతులతో లోపలికి నడిచాడు.

టైపిస్టు సువార్తమ్మ ఏడుపొక్కటే తక్కువ. "రోజూ ఫాంటు పెద్దది పెట్టుకుంటానండి, మార్జిన్లు సర్దుకుంటానండి. పొద్దున్నే తెరిస్తే మళ్ళీ మొదటికే. ఆ బుల్లి అక్షరాలు చూసీ చూసీ నా కళ్ళు పోతన్నాయండి."

పెద్దిరాజు నిజం మెకానిక్ లాగే పని మొదలుపెట్టాడు. టెంప్లేట్ ఫైలు రీడ్-ఓన్లీలో ఉందేమో చూశాడు. లేదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి సెట్టింగ్స్ మార్చాడు. పాత టెంప్లేట్ పేరు మార్చి కొత్తది పుట్టించాడు. యాడ్-ఇన్‌లన్నీ ఆపేశాడు. రీస్టార్ట్ చేశాడు. బుల్లి అక్షరాలు మళ్ళీ పలకరించాయి. చివరికి డెస్క్‌టాప్ మీద ఊరికే ఒక ఖాళీ ఫైలు పెట్టి మళ్ళీ రీస్టార్ట్ చేశాడు. ఆ ఫైలు కూడా మాయం!

బుల్లియ్య వాక్యం అప్పుడు అర్థమయింది. తప్పు వర్డ్ ప్రాసెసర్‌ది కాదు. మెషీన్‌ను ఎవరో ఒక స్థితిలో ఫ్రీజ్ చేసి పెట్టారు. పగలంతా ఏం రాసినా, ఏం పంపినా, కరెంటు ఆగిన మరుక్షణం అంతా తుడిచిపెట్టుకుపోతుంది. గూఢచారికి ఇంతకన్నా నమ్మకస్తురాలైన సెక్రటరీ ఎక్కడ దొరుకుతుంది? సువార్తమ్మ ఫాంటు మధ్యలో బలైపోయింది, అంతే.

మధ్యాహ్నం క్రోల్ వచ్చాడు. భీమవరంలో ఉండి ఉండి అతనికీ భాష అబ్బింది. "కొంచెం బయట కూర్చోండి," అన్నాడు చల్లగా. సువార్తమ్మను ఇంటికి పంపేశాడు. చాలాసేపు టైపు చేసి, స్క్రీన్ లాక్ చేసి, కారెక్కి యానాం వైపు వెళ్ళిపోయాడు.

పెద్దిరాజు లోపలికి దూరి కీబోర్డు మీద చెయ్యి వేశాడో లేదో, మెడ వెనక చల్లగా పిస్టల్ ఆనింది.

"యానాం వెళ్తున్నారా?" అంది ఆడగొంతు.

అది అతనూ బుల్లియ్యా మాత్రమే వాడుకునే కోడ్. "తాగడం మానేశానండి," అన్నాడు మెల్లగా.

"మానకండి. ఇవాళ అవసరం పడుద్ది."

పిస్టల్ దిగింది. నాగశ్రీ. గమ్‌బూట్లు, తెల్లటోపీ. అందాన్ని కూడా గేటు దగ్గరే తీయించినా, ఇంకా చాలా మిగిలింది. స్క్రీన్ పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. ఫైలు తెరుచుకుంది.

మొదటి పేజీలో గణేష్‌బాబు ఫోటో, అడ్రసు. రెండో పేజీలో క్రోల్ రాసుకున్నది: "నాగశ్రీ మన రహస్యాలన్నీ ఇండియాకు చేరవేస్తోంది. బుల్లియ్యను లేపేశాం. ఈమెను కూడా ముగించడానికి అనుమతి కావాలి."

"మీవాళ్ళు నన్ను ద్రోహి అనుకుంటున్నారు కదండి?"

"అవునండి."

"ఇది చూపిస్తే నమ్ముతారా?"

"శత్రువు రాసిచ్చిన సర్టిఫికెట్. నమ్మి తీరాలి."

కానీ చూపించడం ఎలా? ఫోటో తీసే తాయెత్తు గేటు దగ్గరుంది, తెచ్చే టైము లేదు. పెన్‌డ్రైవ్ పోర్టుల్లో సీసం పోసి ఉంది. ప్రింటరూ, వైరు లేని నెట్ రూటరూ క్రోల్ గదిలో, ఇనప తలుపు వెనక. అయిదు కొట్టగానే ఫైలు దానంతటదే వెళ్ళేలా పెట్టి ఉంది. ఆపాలంటే ఇంకో పాస్‌వర్డ్. అది క్రోల్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది కరెంటు తీసెయ్యడమే. తీస్తే గణేష్‌బాబు బతుకుతాడు. రెండో పేజీ చస్తుంది.

పెద్దిరాజు కిటికీలోంచి చూశాడు. దూరంగా రైలు గేటు పడి ఉంది. గేటుకు అవతల, సిగ్నల్ రాక తనే బయల్దేరిన చీఫ్ జీపు. గూడ్సు బండి పెళ్ళినడకలు నడుస్తోంది.

స్క్రీన్ మీద ఆఖరి నిమిషం తిరుగుతోంది. అతను బల్ల కిందికి వంగి యూపీఎస్ వైరు పట్టుకున్నాడు. చెయ్యి ఆడలేదు. ఇంతమందిని పట్టిచ్చాడు గాని, ఏ తప్పూ చేయని మనిషిని తన చేత్తో జైలుకు పంపడం అతనికి అలవాటు లేదు.

"పారిపోండి. చూడలేదంటాను," అన్నాడు.

"పారిపోతే నిజమే అనుకుంటారు. మీరు లాగండి."

"నాగశ్రీ గారూ..."

"ఏంటండి ఆ నసుగుడు? నాకు రుజువు లేకపోతే జైలు. ఆయన పేరు వెళ్తే పాడె. లాగండి!"

మూడు. రెండు.

లాగాడు. యూపీఎస్ ఒకసారి కీచుమని ఊరుకుంది. స్క్రీన్ నల్లబడింది.

క్రోల్‌ను యానాం పొలిమేరలో పట్టుకున్నారు. చీఫ్ ప్లాంటులోకి వచ్చి, మెషీన్ ఆన్ చేయించి, ఖాళీ పేజీని చాలాసేపు చూశాడు.

"రుజువేదండి?"

"పోయిందండి. నా కళ్ళతో చదివాను. ఆవిడకు బుల్లియ్య కోడ్ కూడా తెలుసండి."

"చంపేముందు రాబట్టి ఉంటుంది. బుల్లియ్య కూడా మీలాగే నమ్మాడు."

హార్డ్ డిస్కును నిపుణులు కొండ తవ్వినట్టు తవ్వారు. ఎలుక కూడా దొరకలేదు. చివరికి క్రోల్‌నే అడిగారు. బేడీలున్న చేతులు గుండెల మీద పెట్టుకుని చిరునవ్వు నవ్వాడు. "నాగశ్రీ గారా? ఆవిడంత నమ్మకంగా నాకెవరూ పనిచెయ్యలేదండి." తన వల్లోంచి తప్పించుకున్న మనిషిని అలా ఒక్క మెచ్చుకోలుతో ముంచేశాడు.

కొన్నాళ్ళకు గణేష్‌బాబు క్షేమంగా ఇండియా చేరాడు. పెద్దిరాజు అతన్ని కలిసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. గణేష్‌బాబు జాలిగా చూసి, మీరూ ఆవిడ అందానికి పడిపోయారా అన్నాడు.

ఆ తర్వాత అతను ఇచ్చిన స్టేట్‌మెంటు కబురు మోసుకుని పెద్దిరాజు రాజమండ్రి జైలుకు వెళ్ళాడు. నాగశ్రీయే అడిగింది. "ఆయన స్టేట్‌మెంట్ ఇచ్చారంట కదండి. ఏమన్నారు?"

"మిమ్మల్ని ఉరి తియ్యాలన్నారండి," అన్నాడు తల వంచుకుని. "బల్ల గుద్ది మరీ చెప్పారు."

"గట్టిగానే గుద్దారా?"

"బల్ల మీద గ్లాసు కింద పడిందండి."

నాగశ్రీ ఊచలకు నుదురు ఆనించి, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"అయితే ఆరోగ్యం బాగానే ఉన్నట్టేనండి."