పాత ఫైలుకు చెరగని వరుస

“సెలవు అడిగాను మేడమ్,” అన్నాడు ఏజెంట్ ప్లామెన్ దోచెవ్.

“రేపు తీసుకో. ఈ రోజు స్వెతానా బతకాలి,” అంది అతని పై అధికారి కల్నల్ రుమ్యానా.

స్వెతానా రేవులో పనిచేసి రిటైరైన గుమాస్తా. విదేశీ ముఠా ఆయుధాల ఓడల గుట్టు ఆమె ఒక్కతెకే తెలుసు. సరిగ్గా పన్నెండింటికి ప్లామెన్‌కి ఫోన్ చేసి, తను దాక్కున్న చోటు చెబుతుంది. ఈలోగా ఆమెకు కబురు పంపే దారి లేదు. కానీ సోఫియా నగర టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ రౌటర్ సెట్టింగ్స్‌లో ఎవరో ఒక దొంగ వరుస చేర్చారు. ప్రతి కాల్ కాపీ ముఠాకి పోతోంది.

ప్లామెన్ లిఫ్ట్ మెకానిక్ వేషంలో ఎక్స్ఛేంజ్ మూడో బేస్‌మెంట్‌కి దిగాడు, మెట్ల మీదే. లిఫ్ట్ నిజంగానే చెడిపోయింది. యాభై మూడేళ్ల మోకాళ్లు అతన్ని తిట్టుకున్నాయి.

కింద అతనికి సాయపడాల్సిన ఇవెలినా ఎదురుచూస్తోంది. ఎర్రటి లిప్‌స్టిక్, పన్నెండేళ్ల అనుభవమున్న నెట్‌వర్క్ ఇంజనీరు.

“బోజా పులిసిందా?” అక్కడివాళ్లు తాగే పులిసిన పానీయం పేరుతో కోడ్ అడిగాడు.

“నిన్ననే పులిసింది. దొంగ వరుస ఇంకా సేవ్ కాలేదు సార్, మెమరీలోనే ఉంది. సేవ్ చేసి ఉన్న పాత ఫైల్‌ని దానిమీద లోడ్ చేస్తే శుభ్రం.” టకటకా కొట్టింది. “అయిపోయింది, ఇక వెళ్లండి.”

వెళ్లి పడుకోవాలని ప్లామెన్‌కి ప్రాణం కొట్టుకుంది. కానీ సైన్యంలో ఆరేళ్లు రౌటర్లతో వేగిన మనిషి. అలా లోడ్ చేస్తే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. పాత ఫైల్లో ఉన్నవి చేరతాయి, లేనివి చెరిగిపోవు. దొంగ వరుస హాయిగా అక్కడే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు చేసే తప్పు ఇది. పన్నెండేళ్ల ఇంజనీరు చేయదు.

“ఎన్నాళ్ల నుంచి వాళ్ల మనిషివి?” నీరసంగా అడిగాడు.

ఆమె ఎడమచేత్తో లిప్‌స్టిక్ గొట్టం తీసి గురిపెట్టింది. అది పిస్తోలు. “కదలకండి సార్.” కుడిచెయ్యి సేవ్ కమాండ్ కొడుతోంది. అది పడితే ఆ వరుస శాశ్వతం, రీస్టార్ట్ చేసినా పోదు.

ప్లామెన్ కూలబడ్డాడు. పడుతూనే రౌటర్ పవర్ కేబుల్ పీకేశాడు. ఆమె పేల్చిన గుండు గోడలో దిగింది; ఆ బుల్లి పిస్తోలుకి ఉన్నది ఒక్కటే గుండు. మెమరీతో పాటే దొంగ వరుసా పోయింది. పదకొండూ యాభై తొమ్మిది.

ఆమెకు బేడీలు వేసి, కేబుల్ మళ్లీ గుచ్చాడు. రౌటర్ పాత ఫైల్ చదువుకుని లేవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. స్వెతానా విసిగి మళ్లీ చేయకపోతే? అప్పుడు మాత్రం నిజంగా భయం వేసింది.

పన్నెండూ ఎనిమిదికి సెల్ మోగింది.

“ఎనిమిది నిమిషాల నుంచి చేస్తున్నాను,” స్వెతానా గొంతు.

“క్షమించండమ్మా, కరెంటు పోయింది.”

“ఇంతకీ దాక్కున్నది నేనా, నువ్వా బాబూ?”