మైసమ్మ గుంజిన ముళ్లు

పొద్దున ఏడింటికే కొండల్ మేస్త్రి మళ్ల పడుడు మొదలువెట్టిండు. నిజంగ కాదు, కథల. మూడు నెల్ల కింద మిర్యాలగూడల సుజాత టీచర్ కొత్తింటి గోడకు సిమెంటు పూత పెడుతుంటే, నిలవడెటందుకు కట్టిన సారువ కర్రల ముడి ఊడి రెండో అంతస్తు మీదికెళ్లి పడ్డడు. కాలుకు రాడ్ ఏసిన్రు. సూడొచ్చినోళ్లకు చెప్పంగ చెప్పంగ ఆ ఇల్లు పెరుగుతనే ఉంది. పోయిన ఆదివారానికి ఐదంతస్తులైంది.

"పడుతుంటే నడుమల గద్ద కలిసింది ముత్తయ్యా," అని పక్కింటాయనకు చెప్తున్నడు. "'ఎటు మేస్త్రీ?' అనడిగింది. ఇరవై ఏండ్లు ఒక్కసారి జారలె నేను. గా దినం సారువకు నిమ్మకాయ కట్టుడు మర్సిన, గంతే."

లోపల నుంచి భార్య మైసమ్మ వచ్చింది. రోజు లెక్కనే చీర మీద అంగీ తొడిగింది. కానీ చేతిల తట్ట లేదు. కొండల్ తాపీ ఉంది.

"గదెందుకు తీసినవే?"

"టీచరమ్మ గోడ సగంల ఉంది. నేను పోయి పెడ్త."

"తట్టలు మోసేదానివి, తాపీ పడతవా? మేస్త్రీలంత నవ్వుతరు!"

"నవ్వనీ. నవ్వితే కాలు ఇరగదు. నీ పక్కన నిలవడి ఇరవై ఏండ్లు సూసిన."

"అది నేను పడ్డ గోడనే మైసమ్మా!" అన్నడు కొండల్. "నువ్వు గూడ పడితే నేనేం గావాలె?"

మైసమ్మ గడపల ఆగింది. "నువ్వు కట్టే ముళ్లు సగం మాటలే. రోజు పొద్దున నువ్వు బీడీ తాగుతుంటే, ఒక్కో ముడి గుంజి సూసేదాన్ని. వదులుంటే బిగించేదాన్ని. గా ఒక్క దినం చెల్లె బిడ్డ ఫంక్షనని నడిగూడెం పోయిన." కండ్లు తుడుసుకుంది. "పోకపోతే బాగుండు."

కొండల్ మనసుల లెక్కవెట్టుకున్నడు. ఇరవై ఏండ్లు. ఎన్ని ఇండ్లు, ఎన్ని ముళ్లు! గంత ఎత్తు మనిషిని ఇన్నేండ్లు పక్కనే పెట్టుకొని పైకి సూడలె.

"మరెన్నడు చెప్పకపోతివి?"

"చెప్తే నిమ్మకాయ అలుగుతదని."

గంటకు ముత్తయ్య ఆటోల తీస్కపోయి కొండల్‌ను సైటు ముందు కుర్సీల కూసోవెట్టిండు. మైసమ్మ ఒక్కో ముడి గుంజుకుంట వచ్చింది. ఏడోది వదులుంది. కొత్త తాడు తెచ్చి కట్టి, మళ్ల గుంజి, అప్పుడెక్కింది.

పాలు పోసెటాయన బండి ఆపిండు. "ఎన్నో అంతస్తు మీదికెళ్లి పడ్డవ్ మేస్త్రీ?"

"రెండే," అన్నడు కొండల్. మూడంతస్తులు ఒక్కపారే కూలినయ్. తువ్వాలతోటి మొఖం తుడుసుకున్నడు.

"జర జరుగన్నా. మా మైసమ్మ కనవడ్తలేదు. అద్దో, గాడ, గద్దలు తిరిగే కాడ... మొగులుకు పూత పెడుతున్నది."