కంట్రోల్ మడిలో అడుగులు

మిట్టమధ్యాహ్నం సమాధుల తోటలో మనిషి అలికిడి వినిపించి కరుణాకర్ తల తిప్పాడు. ఎవరో అమ్మాయి, చిన్న గునపం పట్టుకుని, సరిగ్గా అతని తల్లి శాంతమ్మ సమాధి మీదే తవ్వుతోంది. మేత మోపు అక్కడే పడేసి పరుగెత్తాడు.

“ఏయ్! ఎవరు నువ్వు? మా అమ్మనేం చేస్తున్నావ్?”

ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది.

“వందనాలండీ. నా పేరు క్రిస్టీనా. అగ్రికల్చర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మీ అమ్మగారి జోలికి పోలేదు. ఈ జొన్న వేళ్ళ మట్టి గుప్పెడు కావాలి, అంతే.”

“సమాధి మట్టితో పనేంటి? చేతబడా?”

“మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి చేతబడి చేసుకునే ఖర్మ నాకేంటండీ!”

నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. ఆ ఏడు పర్చూరు వైపు వాన చుక్క లేదు. చుట్టూ చేలల్లో జొన్న పసుపుబారి కూలబడింది. శాంతమ్మ సమాధి మీద తమంతట తాము మొలిచిన నాలుగు మొక్కలు మాత్రం నిగనిగలాడుతూ ముదురు పచ్చగా నిలబడ్డాయి. ఎరువు వేసినవాళ్ళు లేరు, నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు. ఊళ్ళోవాళ్ళు అటు చూడకుండా తలొంచుకుని పోతున్నారు.

“ఈ వేళ్ళని పట్టుకుని ఏదో మంచి బ్యాక్టీరియా ఉందండీ. గాల్లో నత్రజని తీసి మొక్కకి తినిపిస్తుంది.”

“మా అమ్మా అంతే. దారిన పోయేవాళ్ళని పిలిచి అన్నం పెట్టేది.”

అనేశాక అతనే సమాధి వైపు తిరిగి చూశాడు.

మరుసటి తొలకరికి క్రిస్టీనా ఆ బ్యాక్టీరియాని పెంచి, పొట్లాలు కట్టి తెచ్చింది. సమాధుల తోటని ఆనుకున్న కరుణాకర్ చేనే ట్రయల్‌కి కుదిరింది. ఒక మడిలో, పొట్లంలోని పొడిని గంజిలో కలిపి పట్టించి నీడన ఆరబెట్టిన జొన్న గింజలు చల్లారు. పక్క మడిలో ఉత్త గింజలు. అది కంట్రోల్ మడి, పోల్చి చూసుకోడానికి. రెండింటికీ తేడా తెలియాలి. తెలియకపోతే ప్రాజెక్టు మూసేసి ఆమెని వేరే జిల్లాకి పంపిస్తామన్నారు పైవాళ్ళు.

ఆ మాట విన్నప్పటినుంచి కరుణాకర్ పొద్దున లేస్తూనే మడుల దగ్గరికి పోయేవాడు. ఫోన్ చేసేవాడు.

“మొలక మూడాకులు వేసిందండీ.”

“నిన్నా మూడే అన్నారుగా.”

“నిన్నటి మూడూ ఇవాళ కాస్త పెద్దయ్యాయి.”

అవతల నవ్వు వినిపిస్తే ఆ రోజుకి అతని కడుపు నిండినట్టే.

ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. తండ్రి ఏసోబు భార్య పోయిన మూడేళ్ళుగా నోరు విప్పడం తక్కువ. రోజూ మధ్యాహ్నం ఎటో వెళ్ళిపోయేవాడు. ఎక్కడికని అడగడానికి కొడుక్కి ధైర్యం చాలేది కాదు.

ఇరవయ్యెనిమిదో రోజున కలుపు తియ్యడానికి దిగిన పున్నమ్మ కెవ్వున అరిచి గట్టెక్కింది.

“నేను రాను బాబోయ్! శాంతమ్మొదిన నడిచిందిరా మీ చేలో!”

అప్పుడే బండి దిగిన క్రిస్టీనా చూసింది. బ్యాక్టీరియా పట్టించిన మడి పచ్చగానే ఉంది. కంట్రోల్ మడి పాలిపోయింది. దాని మధ్యన మాత్రం అడుగు వెడల్పున చిక్కటి పచ్చటి కుదుళ్ళు. కుడి, ఎడమ. కుడి, ఎడమ. సమాధుల తోట దగ్గర మొదలై ఇవతలి గట్టుదాకా.

ఆమె మొహం ఎర్రబడింది.

“ఇది నీ పనేగా? మిగిలిన పొట్లం తెచ్చి చల్లావు. వేళాకోళానికి నా ట్రయలే దొరికిందా?”

“నేను ముట్టుకోలేదు.”

“మరి దయ్యం చల్లిందా? ఇది పాడైతే నన్ను పంపించేస్తారని తెలుసుగా!”

“తెలుసు కాబట్టే! నువ్వెళ్ళిపోయే పని నేనెందుకు చేస్తాను? నువ్వు లేకపోతే ఈ చేలోకొచ్చి ఎవరికోసం ఆకులు లెక్కపెట్టాలి?”

అనుకోకుండా ఇద్దరూ ‘అండీ’లు వదిలేశారు. గాలి లేదు. అయినా అవతలి గట్టు దగ్గర జొన్న మెల్లగా కదిలింది.

ఏసోబు వస్తున్నాడు. కింద చూడటం లేదు. చెప్పులు లేని కాళ్ళకి నల్లరేగడి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. అతను వేసే ప్రతి అడుగూ ఒక్కో పచ్చటి కుదురు పక్కనే పడుతోంది. ఒక్కటీ తప్పలేదు.

“నాన్నా... రోజూ ఇటేనా నువ్వు వచ్చేది?”

“గింజ చల్లిన నాటినుంచీ వస్తున్నా. మీ అమ్మ దగ్గర కాసేపు కూచుంటాను. ఆ మట్టి కాళ్ళకంటుకుంటే కడుక్కోబుద్ధి కాదురా.”

క్రిస్టీనా కళ్ళు పెద్దవయ్యాయి. ఫోటోలు తీసి అక్కడినుంచే వాళ్ళ సారుకి పంపింది. నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది. ఆమె ‘సార్, సార్’ అంటూ విని పెట్టేసింది.

“ఏమన్నారు?”

“ఉత్త కాళ్ళ మట్టితోనే ఇంత పని చేసిందంటే ఇది మామూలు రకం కాదు, వదలొద్దన్నారు. ట్రయల్ మాత్రం చెల్లదంట. మళ్ళీ మొదటినుంచీ వెయ్యాలి. ఇంకో పంటకాలం నేనిక్కడే.”

“పాపం, ఎంత కష్టమొచ్చింది!” అన్నాడు కరుణాకర్, చెవులదాకా నవ్వుతూ.

“నవ్వకు. ముందు ఇవేంటో చెప్పు.”

ఆమె వేలు చూపించిన చోట ఏసోబు అడుగుల పక్కనే ఇంకో వరస ఉంది. చిన్న కుదుళ్ళు. ఆడమనిషి పాదమంత. అవీ సమాధుల తోటనుంచే వచ్చాయి. అతని అడుగులకి ఎడంగా పోలేదు, ముందుకి పోలేదు.

“మావయ్యగారూ, మీతో ఇంకెవరన్నా వస్తారా?” అని అడిగింది క్రిస్టీనా. గొంతు తగ్గిపోయింది.

ఏసోబు ఆ పిలుపు విన్నాడు. కొడుకు మొహం చూశాడు. మూడేళ్ళ తర్వాత అతని మీసాల్లో నవ్వు కదిలింది.

“మీ నాన్నగారి నంబరియ్యి తల్లీ. ఈ ఆదివారం ఆరాధన కాగానే మాట్లాడతా.”

సన్నగా తుంపర మొదలైంది. ముగ్గురూ గట్టు మీద ఇంటిదారి పట్టారు. నాలుగడుగులు వేశాక ఏసోబు వెనక్కి తిరిగి, చాలా మామూలుగా అన్నాడు:

“అమ్మాయ్, కాస్త ఇటు జరుగు. మీ అత్తకు దారియ్యి.”

ల్యాబ్ పిల్ల ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కరుణాకర్ భుజానికి భుజం ఆనేదాకా జరిగి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.